నేను నమిలిన వక్కాకు

ఆత్మకూరులో మేముండే అపార్టుమెంటు ఒకప్పుడు రైసు మిల్లు. ఇప్పుడు కార్లు నిలుపుకునే చోటు అప్పట్లో వడ్లు ఆరబోసే గచ్చు. ఆ గచ్చు మీద జరగాల్సిన ఒక పెళ్లి అక్కడ జరగలేదు. వాచ్‌మన్ వక్కాకు తీసుకుని మోసం చేయడంవల్లే అలా అయిందని మా వీధిలో అందరూ అనుకుంటారు. నలుగురు కూర్చుని టీ తాగేటప్పుడు నవ్వుకోవడానికి ఆ సంగతి తీస్తారు. అది నిజం కాదు. వక్కాకు తీసుకున్నది నేను. తీసుకోలేదని చెప్పిందీ నేనే.

వక్కాకు సంగతి ముందు చెప్పాలి, లేకపోతే ఇది అర్థం కాదు.

మా నాయన ఆ మిల్లులో గుమాస్తా. అక్కడ వడ్లు ఉడకబెట్టి, గచ్చు మీద ఆరబోసి, తర్వాత మరలో వేసేవాళ్ళు. సున్నం, ఇసుక, బెల్లం నీళ్ళు కలిపి వేసిన పాతకాలం గచ్చు అది. అద్దంలా నున్నగా ఉండేది. ఎండపూట ఆడవాళ్ళు వరసగా నిలబడి, కాళ్ళు ఈడుస్తూ వడ్లలో నడిచేవాళ్ళు. వాళ్ళ కాళ్ళ వెనక వడ్లు చాళ్ళుచాళ్ళుగా తిరగబడేవి. చుట్టుపక్కల సందుల్లో ఉండేవాళ్ళకి ఇంటి ముందు పది మంది కూర్చునే చోటు ఉండేది కాదు. పెళ్లి వచ్చినా, సున్తీ విందు వచ్చినా మిల్లు గచ్చే దిక్కు. దానికి బాడుగ లేదు. పెళ్లివాళ్ళు వచ్చి నాయన చేతిలో ఆకూ వక్కా పెట్టేవాళ్ళు. నాయన వాళ్ళ ఎదుటే ఒక ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి నమిలేవాడు. నోరు పండిందా, గచ్చు వాళ్ళది. ఆ రోజుకి బాయిలరు ఆపేసి, గచ్చు కడిగించి ఇచ్చేవాళ్ళు.

ఒకసారి కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు ఆకాశం మబ్బు పట్టింది. బండ్ల నిండా తడి వడ్లు. యజమాని వచ్చి, "రేపు గచ్చంతా వడ్లు పోయించు" అన్నాడు. నాయన లేచి నిలబడి, "నోరు పండిందయ్యా, రేపు పెళ్లి" అన్నాడు. యజమాని మబ్బు వైపు చూశాడు, నాయన నోటి వైపు చూశాడు, బండ్ల మీద పట్టలు కప్పమని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను ఆఫీసు గడప మీద కూర్చుని ఉన్నాను. నాయనంత గొప్పవాడు ఊళ్ళో లేడనుకున్నాను.

మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది. యజమాని వారసులు నెల్లూరులో స్థిరపడ్డారు. పైకప్పు కింద పావురాలు చేరాయి. చివరికి నెల్లూరు బిల్డరు ఒకాయన కొన్నాడు. పడగొట్టి అపార్టుమెంటు కడతాడనుకున్నాం. ఆయన గోడ మీద అరచేతితో చరిచి, "ఇట్టాంటి గోడ ఇప్పుడు ఎవడు కడతాడయ్యా? పెద్ద ఊళ్ళలో పాత మిల్లుల్లోనే ఇళ్ళు చేసి అమ్ముతా ఉండారు. మనమూ అదే చేద్దాం" అన్నాడు. సైటు ఇంజనీరుగా నన్ను పెట్టుకున్నాడు. నేను డిప్లొమా చదివి అప్పటికి రోడ్ల పనులూ కాలవ పనులూ చేస్తున్నాను. గుమాస్తా కొడుకునని తెలిసి, "నీకు దీని లోపలంతా తెలుసు గదా" అన్నాడు. తెలుసు. ఏ గోడలో నీళ్ళు దిగుతాయో, టేకు దూలాల్లో ఏది పుచ్చిందో తెలుసు.

పని బాగానే చేశామని ఇప్పటికీ అనుకుంటాను. పాత గోడల మీద బరువు పడకుండా లోపల కొత్త స్తంభాలు లేపి అంతస్తులు వేశాం. మందపాటి గోడల్లో కిటికీలు కోశాం. కొన్ని గదుల్లో గోడకి పూత పూయకుండా ఇటుక అలాగే వదిలేశాం. పొగగొట్టం ఉంచేశాం. వాన పడితే ఆ ఇటుకల్లోంచి తవుడు వాసన వచ్చేది. కొనడానికి వచ్చినవాళ్ళు ఇదేం వాసన అని అడిగితే, మా చిన్నతనం అని చెప్పబోయి, "పాత సున్నం అండీ, పోతుంది" అనేవాణ్ణి.

మిల్లు రోజుల నుంచీ ఉన్న వాచ్‌మన్‌నే బిల్డరు ఉంచుకున్నాడు. ఆయనది ఉదయగిరి. నేను భాయ్ అనేవాణ్ణి. చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని బస్తాల మీదికి ఎక్కించినవాడు. మేస్త్రీలో బిల్డరో ఉంటే నన్ను సార్ అనేవాడు. ఎవరూ లేకపోతే పాతలాగే అబ్బయ్యా. నడుముకి వక్కాకు తిత్తి ఎప్పుడూ వేలాడుతుండేది. నోరు ఎర్రగా లేకుండా ఆయన్ని చూసిన గుర్తు నాకు లేదు.

రెండో అంతస్తు పని జరుగుతుండగా ఒక మధ్యాహ్నం ఆయన పైకి వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం.

"సార్, మిల్లులో వడ్లు తిరగేసే ఆమె గేటు కాడ ఉండాది. చిన్నోడికి పెళ్లంట. గచ్చు మీద చేసుకుంటానంటా ఉండాది. బయటోళ్ళని లోపలికి రానీయొద్దని బిల్డరు అన్నాడు గదా, అందుకని నా చేతికిచ్చి పంపింది."

ఆమె నాకు బాగా తెలుసు. వెనక సందులో ఇల్లు. వయసులో ఉన్నప్పటి నుంచి మిల్లు మూతపడేదాకా ఆ గచ్చు మీద నడిచిన మనిషి. పెద్ద కొడుకు పెళ్లి అక్కడే చేసింది.

"బిల్డరు ఒప్పుకుంటాడా భాయ్?" అన్నాను.

మేస్త్రీలు భోజనానికి దిగారు. చుట్టూ ఎవరూ లేరు.

"మీ నాయన ఎవరినడిగినాడు అబ్బయ్యా?"

ఆ మాటతో నేను పొట్లం తీసుకున్నాను. గచ్చు పని అన్నిటికంటే చివర్న. అప్పటిదాకా ఖాళీగానే ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను. అదొక్కటే కాదు. నాయన కూర్చున్న చోట ఒకసారి కూర్చోవాలనిపించింది. నాకు వక్కాకు అలవాటు లేదు. సున్నం ఎక్కువ రాశాను. నాలుక పొక్కింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి, చొక్కా మీద ఎర్రగా కారింది. ఆయన పగలబడి నవ్వాడు.

"పండింది, పండింది! గడ్డం దాకా పండింది!"

అంచు దగ్గరికి వెళ్ళి గేటు వైపు కేక వేశాడు. "నమిలినాడు మేయ్! ఇంక పోయి పెళ్లి పనులు చూసుకో!"

మంచి ముహూర్తం పెళ్లివాళ్ళకే కాదు, బిల్డర్లకీ మంచిదే. కొన్నాళ్ళకి బిల్డరు ఫోన్ చేసి, ఒక ఇల్లు పూర్తిగా తయారుచేసి చూపించే కార్యక్రమం పెట్టుకున్నామని, నెల్లూరు నుంచి కార్లలో వస్తారని, గచ్చు మీద తివాచీలు పరిచి షామియానా వేయించమని చెప్పాడు. అదే రోజు. అదే పూట.

"సార్, ఆ రోజు..." అన్నాను.

"ఏంది ఆ రోజు?"

"ఏం లేదు సార్. అట్టాగే."

వాచ్‌మన్‌కి చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది. "ఆమెకి ఇప్పుడే చెప్పాల. ఇంకో చోటు చూసుకుంటారు. నేను పోయి చెప్పేదా?" అన్నాడు.

"వద్దు భాయ్, నేను చెప్తా. తీసుకున్నోణ్ణి నేను గదా" అన్నాను.

చెప్పలేదు. రోజూ చెప్పాలనుకుని బయలుదేరేవాణ్ణి. ఆమె సందు దాటవలసి వస్తుందని బస్టాండు చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాణ్ణి. బిల్డరుతో మాట్లాడి వేళ మార్పిద్దామనుకున్నాను. అదీ మాట్లాడలేదు. అడిగినప్పుడల్లా వాచ్‌మన్‌కి, "చెప్పినాలే" అన్నాను. ఈ మాట ఇంతవరకూ ఎక్కడా ఒప్పుకోలేదు. ఆయనతోనూ అబద్ధమే ఆడాను.

పెళ్లికి ముందురోజు సాయంత్రానికి ఇంకా పొద్దుంది. నెల్లూరు నుంచి వచ్చినవాళ్ళు గచ్చు మీద ఎర్ర తివాచీలు పరుస్తున్నారు. బిల్డరు దగ్గరుండి చూస్తున్నాడు. గేటు ముందు ట్రాక్టరు ఆగింది. వెనక ట్రాలీలో వంట డేగిసాలు, గాడిపొయ్యి ఇనుములు, పందిరి గుంజలు. వాటి మధ్య కొత్త చీర కట్టుకుని ఆమె.

"ఏందమ్మా ఇదంతా?" అన్నాడు బిల్డరు.

"రేపు మా చిన్నోడి పెళ్లయ్యా. గచ్చు మాదే గదా రేపు. వక్కాకు ఇచ్చినాం."

"వక్కాకు ఏంది? ఎవురికిచ్చినారు?" బిల్డరు నా వైపు తిరిగాడు. "ఏమయ్యా ఇంజనీరు, ఏంది కథ?"

ఆమె కూడా నా వైపే చూసింది, నేను నవ్వుతూ ముందుకొచ్చి చెబుతానన్నట్టు.

"నాకు తెలీదు సార్. నా దాకా రాలేదు" అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే కూడా పాపం కొంత తగ్గేది. ఆగలేదు. "వాచ్‌మన్ చేతికిచ్చి ఉంటారు. ఆయనే నమిలేసి ఉంటాడు. ఎప్పుడూ నములుతానే ఉంటాడు గదా" అన్నాను. తివాచీలు పరిచేవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. అది విని బిల్డరు కూడా నవ్వాడు. నవ్వు వచ్చేసరికి సంగతి తేలిపోయినట్టే అయింది.

ఆమె ట్రాలీ దిగి వాచ్‌మన్ ఎదుటికి వచ్చింది. "ఏందన్నా ఇది? నమిలినాడు, నోరు పండిందని కేకేసి చెప్పినావే. పండింది నీ నోరేనా?"

ఆయన నా వైపు చూశాడు. నోరు ఎర్రగానే ఉంది, ఎప్పటిలాగే. ఆ నోటితో ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు? తల దించుకుని, "పొరపాటైపోయింది అమ్మీ" అన్నాడు.

"పొరపాటా? నా బిడ్డ పెళ్లి నోట్లో ఏసుకుని నమిలినావు గదరా! రేపు పీటలు యాడేసేది? నీ నోరు పడిపోను!" ఇంకా చాలా అంది. అన్నా అని పిలిచే మనిషిని రా అంటుంటే గేటు బయట జనం పోగయ్యారు. నేను తివాచీ అంచు సరిచేస్తున్నట్టు వంగాను.

పెళ్లి వాళ్ళ సందులోనే జరిగింది. మురుగు కాలవ మీద చెక్కలు వేసి, వాటి మీద విస్తళ్ళు వేశారట. నేను వచ్చినవాళ్ళకి తయారైన ఇల్లు చూపిస్తూ, పాత ఇటుక గొప్పతనం చెబుతూ ఉంటే, కొత్తగా కోసిన కిటికీలోంచి మేళం వినపడింది. ఒకావిడ, "సౌండ్ ఎక్కువగా ఉంటుందా ఇక్కడ?" అని అడిగింది. ఇవాళ ఒక్కరోజే అన్నాను.

ఆ తర్వాత టీ అంగడి దగ్గర వాచ్‌మన్ కనపడితే చాలు, "ఏం భాయ్, ఈరోజు ఎవురి పెళ్లి నములుతా ఉండావు?" అనేవాళ్ళు. ఆకు మింగిన సాయిబు అని పేరు పెట్టారు. కొన్నాళ్ళకి తాళాల గుత్తి నా బల్ల మీద పెట్టి ఉదయగిరి వెళ్ళిపోయాడు. ఆగమని నేను అనలేదు. ఆయన లేకపోతే హాయిగా ఉంటుందనిపించింది. ఉంది కూడా.

ఇళ్ళన్నీ అమ్ముడుపోయాయి. ఒకటి మేమే తీసుకున్నాం. మా బాల్కనీ గచ్చు వైపే. గచ్చంటే ఇప్పుడు పలకలు పరిచి, తెల్ల గీతలు గీసిన కార్ల చోటు.

ఈమధ్య మా అసోసియేషన్‌వాళ్ళు కింద వరండాలో పాత మిల్లు ఫొటోలు పెడదామని, వాటి పక్కన మిల్లు చరిత్ర నన్ను రాయమని అడిగారు. రాశాను. మా నాయన గురించి, మబ్బు పట్టిన రోజు గురించి, మాటకి ప్రాణమిచ్చే వక్కాకు ఆచారం గురించి బాగా రాశాను. మీటింగులో చదివితే చప్పట్లు కొట్టారు. ఒకాయన, "ఆ ఆకు మింగిన సాయిబు సంగతి కూడా చేర్చండి సార్, అదిరిపోద్ది!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక నా భార్య అన్నం పెడుతూ అడిగింది. "అందరితో పాటు నువ్వెందుకు నవ్వినావు?"

"ఏదో... అందరూ నవ్వినారని."

"ఆ రోజు నీ చొక్కా మీద వక్కాకు మరక ఉతికింది నేనే. ఎంత రుద్దినా పోలేదు." గిన్నె కింద పెట్టింది. "ఎప్పటికైనా చెప్తావని చూస్తా ఉండా. ఇంక చూసేది లేదులే. ఆ మనిషిని తల్చుకుని నవ్వినావే, అది మాత్రం నావల్ల కాదు."

అన్నం ముందు నుంచి లేచిపోయాను. ఆమెకి ఇన్నాళ్ళూ తెలుసు. తెలిసే నాతో కాపురం చేసింది. అప్పటిదాకా నేను భయపడేది ఊళ్ళోవాళ్ళకి మాత్రమే అనుకునేవాణ్ణి.

మర్నాడు వెనక సందుకి వెళ్ళాను. ఆమె గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "రా అబ్బయ్యా, దోవ తప్పినావా?" అంది. నిలబడే చెప్పాను. చెప్పడం అయిపోయాక కూడా ఆమె చేతులు గింజలు తీస్తూనే ఉన్నాయి.

"నువ్వా? గుమాస్తా కొడుకువి, నువ్వా?"

"అవునక్కా."

"మీ నాయన మొహం చూసి నీ మాట నమ్మినా. నమ్మి ఆ అన్నని ఎంతలేసి మాటలన్నా! నీ తప్పు నువ్వొచ్చి నా కాడ దించుకుంటే అయిపోతాదా? నేనన్న మాటలు ఇప్పుడు నేను యాడ దించేది?"

ఆమె చింతపండు చేట పక్కకి జరిపింది.

"ఆ రోజు గేటు కాడ అందరి ముందర అన్నావు గదా. ఇది కూడా అందరి ముందర అను. నా చెవిలో కాదు. అది అయినాక నన్ను ఉదయగిరికి తీసకపో."

ఆదివారం మీటింగు పాత బాయిలరు గదిలో జరిగింది. ఆమె లోపలికి రానంది, తలుపు దగ్గర నిలబడింది. వరండాలో పెట్టడానికి రాసింది వెనక్కి తీసుకుంటున్నానని మొదలుపెట్టి జరిగింది చెప్పాను. తర్వాత అధ్యక్షుడు, "పాత విషయం కదా సార్, ఎందుకు బాధపడతారు? కూర్చోండి" అన్నాడు. వెంటనే లిఫ్టు మరమ్మతు సంగతి ఎత్తాడు. నన్ను తిడతారని భయపడ్డాను. తిట్టడానికి కూడా వాళ్ళకది పెద్ద విషయం కాలేదు. ఇంత చిన్నదాని కోసమా నేను ఒక మనిషిని ఊరి నుంచి పంపించింది అనిపించింది. ఆ అల్పబుద్ధి వాళ్ళది కాదు, నాది.

బయటికి వస్తే ఆమె, "వాళ్ళకి ఇనపడిందో లేదో గానీ నాకు ఇనపడింది. పా" అంది.

ఉదయగిరి బస్సులో ఆమె ముందు సీట్లో కూర్చుంది. వక్కాకు పొట్లం ఆమెదొకటి, నాదొకటి. ఉదయగిరి కొండ కనపడ్డాక ఒకసారి కొంగు సర్దుకుంది.

ఆయన ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వసారాలో ఆయన కోడళ్ళు ఆ ఊరికి పేరు తెచ్చిన చెక్క గరిటెలకి ఉప్పుకాగితం రుద్దుతున్నారు. ఆయన గోడకి ఆనుకుని, ఒక స్పూను గుంట చెక్కుతున్నాడు. పొట్టు ఒళ్ళంతా పడింది. తలెత్తి చూసి నవ్వాడు. నోరు ఎర్రగా లేదు. నడుముకి తిత్తి లేదు.

ఆమె నిలబడే అంది. "అన్నా, అనరాని మాటలన్నా నిన్ను. తెలీక అన్నా."

"నీకు ఏం తెలుసో అది అన్నావు. దాంట్లో నీ తప్పేముండాది అమ్మీ? కూర్చో. చిన్నోడెట్టుండాడు? బిడ్డలా?"

"ఆడబిడ్డ. నడస్తా ఉండాది."

"అల్లా చల్లగా చూడాల."

ఆమె తన పొట్లం ఇచ్చింది. ఆయన కోడలిని సున్నం అడిగాడు. మానేశారు కదా మామా అని ఆ పిల్ల ఏదో ఉర్దూలో అంటే, తెమ్మని చెయ్యి ఊపాడు. ఆమె ఎదుటే ఆకుకి సున్నం రాసి, వక్క పెట్టి నోట్లో వేసుకున్నాడు. నోరు పండేదాకా ఆమె చూస్తూ కూర్చుంది. పండాక కళ్ళు తుడుచుకుంది.

నేను నా పొట్లం ఆయన ముందు పెట్టాను. "భాయ్, ఆదివారం అందరి ముందర చెప్పినాను. నేనే నమిలినానని చెప్పినాను."

ఆయన స్పూను ఎత్తి కంటి దగ్గర పెట్టుకుని చూశాడు, మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు.

"ఆ రోజు చీకటి పడేదాకా గేటు కాడే కూర్చున్నా. బిల్డరు పోయినాక ఆమె ఇంటికి పోయి చెప్తావులే అనుకున్నా. బిల్డరు ముందర నోరు రాలేదేమో, పోనీలే అనుకున్నా. నువ్వు బండెక్కినావు. తాళాలు చూసుకో భాయ్ అని చెప్పి పోయినావు."

అలా అన్నానని నాకు గుర్తు లేదు. ఆయన చెప్పాక గుర్తొచ్చింది.

కోడలు టీ తెచ్చింది. ఆమె, ఆయన మిల్లు రోజుల సంగతులు మాట్లాడుకున్నారు. ఎవరెవరు పోయారో, ఎవరెక్కడున్నారో చెప్పుకున్నారు. ఒకసారి మా నాయన పేరూ వచ్చింది, మర్యాదగానే. నేను వింటూ కూర్చున్నాను. ఆయన చెయ్యి పొట్లం వైపు వెళ్తుందేమోనని చూస్తూ ఉన్నాను. ఎండ వసారా దాటిపోయింది. గుట్టగా పోసిన గరిటెల మధ్య నా పొట్లం విప్పకుండానే ఉంది, దాని మీద కొయ్య పొట్టు పడుతోంది.

"ఆత్మకూరు బస్సుకి టైమైంది సార్" అన్నాడు.

వసారాలో అప్పుడు మేస్త్రీలు లేరు, బిల్డరు లేడు. ఆమె, నేను, ఆయన కోడళ్ళు. నన్ను అబ్బయ్యా అనకపోవడానికి అక్కడ ఎవరూ అడ్డం లేరు.